నిండుకున్నాయి

గంట మోగలేదు.

పసివాడు గుప్పెడుగాడు నిద్రలో ఊపిరి తీసుకోవడం మరిచిపోయాడు. పెదవులు నేరేడు రంగుకు తిరిగాయి, మెడ పక్కకు వాలింది. మంచం పక్కనున్న పెట్టె మాత్రం పచ్చలైటు మిణుకు మిణుకుమనిపిస్తూ, లోకమంతా క్షేమమేనన్నట్టు కూర్చుంది. ఉతికిన గుడ్డలు సర్దడానికి అత్తగారు ఆ గదిలోకి రావడం వాడి అదృష్టం. ఆవిడ చంకలో గుడ్డలు చంకలోనే ఉండగా వాడి అరికాలి మీద వేలితో గట్టిగా మీటింది. మళ్ళీ మీటింది. అప్పుడు వాడు చిన్నగా మూలిగి, దగ్గి, పైకప్పు లేచిపోయేలా ఏడ్చాడు.

పసివాడి ఏడుపంత కమ్మనిది లోకంలో మరొకటి ఉండదని చిన్నకోడలికి ఆ మధ్యాహ్నమే తెలిసింది.

ఇప్పుడు ఇంటిల్లిపాదీ ఆంబులెన్సు కోసం చూస్తున్నారు. పెద్దకోడలు ముందుగదిలో గోడకు చేరగిలబడి, కొడుకుని తొడల మీద పడుకోబెట్టుకుని, వాడి గుండెల మీద అరచెయ్యి ఆనించి కూర్చుంది. చెయ్యి లేస్తే ఊపిరి లేచినట్టు, చెయ్యి దిగితే ఊపిరి దిగినట్టు. ఎవరు పలకరించినా ఆమెకు వినబడడం లేదు. అత్తగారు వాడి కాలివేళ్ళు ఒక్కొక్కటే పట్టుకుని, గులాబిరంగు తిరిగొచ్చిందో లేదో చూసుకుంటోంది. చిటికెనవేలి దాకా వచ్చింది. ఈ పూటకి ఈపాటి దయ చాలన్నట్టు ఆవిడ ఆ వేలిని ముద్దుపెట్టుకుని వదిలేసింది.

గుప్పెడు అసలు పేరు కాదు. నెలలు నిండకముందే పుట్టి తండ్రి గుప్పిట్లో ఇమిడిపోయాడు కాబట్టి ఆ పేరు పడింది. అలాంటి పిల్లలు నిద్రలో ఊపిరి మరిచిపోతుంటారని, కొన్నాళ్ళు కనిపెట్టుకుని ఉండాలని ఆస్పత్రివాళ్ళు మరీ మరీ చెప్పి పంపించారు. అందుకే వాడి గుండెల మీద పట్టీ. ఊపిరికి అది సాగుతుంది, ముడుచుకుంటుంది. ఆ కదలిక ఆగితే పెట్టె మోగాలి.

పోనీ, ఆ పట్టీ బయటి సరుకా అంటే అదీ కాదు. అదే ఇంటి పెరట్లో, రేకుల షెడ్డులో, ఇంట్లోవాళ్ళ చేతుల మీదుగా తయారైంది.

పెద్దకొడుకు ముందుగదిలోనే, పెట్టెని తెచ్చి పెట్టుకున్న బల్ల దగ్గర నిలబడి ఉన్నాడు. ఒకప్పుడు ఫోన్లు బాగుచేసిన చేతులవి. వెంట్రుకంత తీగ కూడా వాటి మాట వినేది. ఇప్పుడు పట్టకారు రెండుసార్లు జారిపోయింది. పిల్లవాడి ఒంటి మీంచి తీసిన పట్టీని, పెట్టెకున్న తీగ ఊడదియ్యకుండానే, స్టీలు పళ్ళెంలో పెట్టి భూతద్దంలోంచి చూస్తున్నాడు.

"తీగ తెగితే మోగాలి. పట్టీ ఊడితే మోగాలి. ఊపిరి ఆగితే మోగాలి," అన్నాడు తనలో తనే. "మోగలేదంటే ఊపిరి ఉందనేగా అర్థం."

అంటూనే పెట్టె వైపు చూశాడు. అందరూ అటే చూశారు. పట్టీ పళ్ళెంలో ఉంది. ఎవరి గుండెల మీదా లేదు. అయినా పచ్చలైటు వెలుగుతోంది, ఆగుతోంది, మళ్ళీ వెలుగుతోంది, నిద్రపోయే బిడ్డ పక్కన వెలిగినట్టే.

"ఎవరి ఊపిరి చూపిస్తోందిది?" అన్నాడు పెద్దకొడుకు.

అత్తగారు లేచి వెళ్ళి, భుజం మీది తువ్వాలు తీసి పెట్టె మీద కప్పేసింది. కప్పినా ఆ పలచటి గుడ్డ కింద పచ్చగా మిణుకుతూనే ఉంది.

దడిసిన మనిషి ఊరుకోలేడు, ఎవరిదో ఒకరిది తప్పు ఉండాలి. పట్టీ మీది రాగి గీతలు చిలుము పట్టి ఆకుపచ్చగా తిరిగాయని పెద్దకొడుకు కనిపెట్టాడు. పాలు తాగించాక సరిగ్గా తుడవకపోతే మెడ కిందికి కారి, పట్టీలోకి ఇంకి, ఇలాగే చేస్తాయన్నాడు. మెల్లిగానే అన్నాడు. కానీ ఆ మెల్లిదనంలోనే ముల్లుంది. తుడిచానంది పెద్దకోడలు. ప్రతిసారీనా అన్నాడతను. ప్రతిసారీ అంది. రాత్రుళ్ళు కూడానా అన్నాడు.

పెద్దకోడలు తలెత్తింది. అరచెయ్యి మాత్రం కొడుకు గుండెల మీంచి తియ్యలేదు.

"పాలు కారితే పాడయ్యేది నువ్వెందుకు చేశావు? పసిపిల్లలకని చేశావుగా. పసిపిల్లలు పాలు కాక ఏం తాగుతారు?"

ఆ ఇంట్లో ఆమె మొగుణ్ణి నువ్వనడం చిన్నకోడలు మొదటిసారి వింది. అతనూ మొదటిసారే విన్నట్టున్నాడు. భూతద్దం బల్ల మీద పెట్టేశాడు.

"బజారు పట్టీ అంటించి ఉంటే ఈపాటికి మోగేది," అన్నాడు.

అనకూడని మాట అది. అన్నాక గాని అతనికీ తెలియలేదు. అత్తగారు అటు తిరిగి, మడతపెట్టిన గుడ్డల్నే మళ్ళీ విప్పి మడతపెట్టడం మొదలుపెట్టింది.

బజారు పట్టీల్లోని ప్లాస్టిక్ పలకలు మట్టిలో కలవవు. పారేస్తే కుప్పలవుతాయి, కుప్పల్ని ఎవరో ఒకరు రాగి కోసం కాలుస్తారు. అత్తగారి భర్త బతికినంత కాలం చేసిన పని అదే. పాత పలకలు కాల్చి, బూడిదలోంచి రాగి ఏరి ఇద్దరు కొడుకుల్ని చదివించాడు. ఆ పొగ ఆయన ఛాతీలోకి చేరి, పోతూ పోతూ ఆయన్ని కూడా పట్టుకుపోయింది. మంట అక్కర్లేని పలక చెయ్యాలని పెద్దకొడుకు పట్టు పట్టింది అందుకు. సూక్ష్మజీవుల చదువు చదివిన పిల్లని ఏరి కోరి చేసుకున్నదీ అందుకేనని చుట్టాలు ఇప్పటికీ వేళాకోళం చేస్తారు. షెడ్డులో అరల నిండా ట్రేలుంటాయి. ట్రేలలో చక్కెర నీళ్ళు. ఆ నీళ్ళ మీద కంటికి కనపడని క్రిములు రాత్రింబవళ్ళు తెల్లటి పొర నేస్తాయి. ఆ పొరని తీసి, ఉడకబెట్టి, కడిగి, నొక్కి, ఆరబెడితే గట్టి పలక. దాని మీద పెద్దకొడుకు రాగి సిరాతో గీతలు గీసి పైన పూత పూస్తాడు. పని తీరాక మట్టిలో పాతితే ఒక వానాకాలంలో మట్టైపోతుంది.

ఆ షెడ్డుని పట్టుకుని బజారు పట్టీయే నయమన్నాడు, దాన్ని కట్టినవాడు. ఆ మాట తర్వాత గదిలో పిల్లవాడి ఊపిరి తప్ప చప్పుడు లేదు. చప్పుడు లేకపోవడమే నయం, ఆ ఊపిరి వినబడుతోంది.

ఆంబులెన్సు ఎక్కడిదాకా వచ్చిందో చూసొస్తానని పెద్దకొడుకు సందు చివరికి వెళ్ళాడు.

అత్తగారు చిన్నకోడలిని వంటింట్లోకి పిలిచింది. ఆస్పత్రిలో ఎన్నాళ్ళుంచుతారో ఏమో, సంచీ సర్దాలి. టోపీలు, మేజోళ్ళు, గోరువెచ్చటి నీళ్ళ ఫ్లాస్కు. ఇంత భయంలోనూ ఆవిడ చేతులు తమ పని తాము చేసుకుపోతుంటే చూసి చిన్నకోడలికి కొంచెం ధైర్యం వచ్చింది. తన మొగుడు రాగి సిరా కొనడానికి ఊరు వెళ్ళాడు, రేపు గాని రాడు. ఇప్పుడు ఎవరి వెనకైనా నిలబడదామంటే ఈ అత్తగారి వెనకే నిలబడాలి.

"పాలపొడి నిండుకుంది. పై అరలోంచి డబ్బా తీసి సంచీలో పెట్టు, హాస్టలూ," అంది అత్తగారు.

హాస్టలు అని ఆవిడ పెట్టిన పేరే. పాలు తాగే వయసులో తల్లి పోయి, మాటలొచ్చినప్పటినుంచీ పెళ్ళిదాకా హాస్టళ్ళలోనే పెరిగిన పిల్ల. ఈ ఇంటికొచ్చి ఏడాది కూడా కాలేదు. వంటింటి పెత్తనమంతా అత్తగారిదే, చిన్నకోడలికి షెడ్డులో కత్తిరింపులూ ప్యాకింగూ. గిన్నెలో ఎంతుందో, డబ్బాలో ఎంతుందో ఆ పిల్లకి తెలియాల్సిన అవసరమే రాలేదు.

నిండుగా ఉన్న డబ్బా గట్టు మీద ఉండగా పై అరలోది ఎందుకని ఆమె గట్టు మీది డబ్బానే తీసింది. తేలిగ్గా ఉంది. మూత తీసి చూసింది.

"నిండుకుందన్నారుగా అత్తయ్యా. ఇందులో చెంచాడు కూడా లేదే."

"అదేగా నేను చెప్పింది."

"నిండుకుంది అన్నారు."

"అంటే అయిపోయిందనే. ఇంట్లో లేదు, ఖాళీ అని అనరమ్మా. అంటే అదే నిజమై కూర్చుంటుంది. నిండుకుందంటాం." ఆవిడ టోపీ మడత పెడుతూ, ఆ భయంలోనూ రవ్వంత నవ్వింది. "మీ హాస్టల్లో ఏమనేవాళ్ళో?"

"అయిపోయింది అనేవాళ్ళు," అంది చిన్నకోడలు.

చేతిలో ఖాళీ డబ్బా పట్టుకుని అలాగే నిలబడిపోయింది. లోపల ఎక్కడో ఏదో జారుతోంది. అది ఎక్కడ ఆగుతుందో ఆమెకు అప్పుడే తెలుస్తోంది, తెలియకుండా ఉంటే బాగుండునని ఉంది.

"షెడ్డులో కూడా అదే అంటారా అత్తయ్యా? ట్రేలు నిండుకున్నాయి అంటే?"

"ఎందుకనం? కడుపుతో ఉన్న పిల్ల పొద్దస్తమానం క్రిముల్ని చంపాను, చచ్చాయి, ఇంకా చావలేదు అంటుంటే వినలేక నేనే మాన్పించాను. మనకి తిండి పెట్టే జీవాలు, వాటి గురించి ఆ మాటలేమిటి? అప్పట్నుంచీ ఉడకబెట్టడం అయిపోతే నిండుకున్నాయి అంటుంది మీ అక్క."

ఫ్లాస్కు మూత బిగించి అత్తగారు సంచీ తీసుకుని వెళ్ళిపోయింది. కోడలి ముఖం చూడలేదు.

చిన్నకోడలు గట్టుని ఆనుకుంది.

గుప్పెడుగాడు పుట్టినప్పటి ఆ ఉదయం కళ్ళకు కట్టినట్టు కనబడుతోంది. పెద్దకోడలికి హఠాత్తుగా నొప్పులొచ్చి ఆస్పత్రిలో చేర్చారు. బిడ్డని అద్దాల పెట్టెలో పెట్టారు. షెడ్డులో పైన అరలోని ట్రేలన్నీ అంచుల దాకా పొర కట్టి, నిండుకుండల్లా నిగనిగలాడుతున్నాయి. ఏం చెయ్యాలో అడగడానికి ఆమే ఫోన్ చేసింది. పెద్దకోడలు ఎన్నోసార్లు అనగా విన్న మాట అది, ఈ ఇంటి మాట, ఈ పని మాట. పొర నిండా కట్టిందనడానికి అదే మాటనుకుంది. తనకీ పనివాళ్ళ భాష పట్టుబడిందని లోలోపల కాస్త మురిసిపోతూనే వాడింది.

"అక్కా, పై అరలో ట్రేలు నిండుకున్నాయి."

అటునుంచి నీరసంగా, ఎవరో పక్కన మాట్లాడుతుండగా, పెద్దకోడలి గొంతు వినబడింది. "అప్పుడేనా? మంచి పని చేశావే. అయితే ఇంక కడిగి ఆరబెట్టెయ్."

కడిగింది. నొక్కింది. ఆరబెట్టింది. మరి ఉడకబెట్టక్కర్లేదా అని ఒక్క అనుమానం వచ్చిన మాట నిజమే. పొరలు ఉడకబెట్టే కాస్టిక్ సోడా నీళ్ళ గంగాళం వైపు ఒకసారి చూసిన మాటా నిజమే. కానీ అద్దాల పెట్టెలో బిడ్డని పెట్టుకుని కూర్చున్న మనిషికి మళ్ళీ ఫోన్ చేసి విసిగించడం ఏం బాగుంటుందని ఊరుకుంది. అక్కకి తెలియదా అనుకుంది. ఉడికినా ఉడక్కపోయినా చక్కెర నీళ్ళ పొర తెల్లగానే ఉంటుంది. ఎవరూ పోల్చుకోలేదు.

ఆమె ముందుగదిలోకి వెళ్ళింది. బల్ల దగ్గర వంగి, పళ్ళెంలోని పట్టీని ముక్కు దగ్గర పెట్టుకుంది. పుల్లటి వాసన. ఈ వారమంతా గుప్పెడుగాడి దగ్గర ఆ వాసన అందరికీ వస్తూనే ఉంది. పాలు కక్కే పసివాడు కాక ఎవరు పులుస్తారని అత్తగారు వాణ్ణి పెరుగుముంత అని కూడా పిలిచింది. అందరూ నవ్వారు. తనూ నవ్వింది. కానీ ఇది పాల పులుపు కాదు. షెడ్డు తలుపు తీయగానే గుప్పుమనే పులుపు. బతికున్న ట్రేల పులుపు.

"ఏమిటే?" అంది పెద్దకోడలు గోడ దగ్గరినుంచి.

"ఏం లేదక్కా," అంది.

అన్నాక తన నోరు తనదేనా అని ఆమెకే అనుమానం వచ్చింది. ఈ ఇంటికొచ్చిన రోజున, తల చిక్కులు తీస్తూ, నాకు చెల్లెలు లేదు, నువ్వు దొరికావు అన్న మనిషి ఆవిడ. ఎవరైనా తన తల దువ్వడం అదే మొదలు. ఇప్పుడు చెబితే ఆ మనిషి చూపు ఎలా ఉంటుంది? చెప్పకపోతే? చెప్పకపోతే ఏమవుతుంది? బిడ్డ ఆస్పత్రికే కదా వెళుతున్నాడు, అక్కడ పెద్ద పెద్ద మిషన్లుంటాయి, పట్టీ ఎలాగూ తీసేశారు. పాలు కారాయనుకుంటారు, పూత నిలవలేదనుకుంటారు. మొగుడూ పెళ్ళాల తగువు, ఎప్పటికైనా చల్లారుతుంది.

అంతవరకూ బాగానే అల్లుకుంది. ఆ తర్వాత ఒక్కసారిగా, పై అరలో పొరలతో చేసింది ఈ ఒక్క పట్టీయే కాదన్న సంగతి గుర్తొచ్చింది. మిగిలిన వాటితో చేసిన పట్టీలు తన చేత్తోనే కాగితంలో చుట్టి, పెట్టెకెత్తి, పిల్లల వార్డుకి పంపింది.

సందు మొదట్లో సైరన్ వినబడింది.

సందు ఇరుకు. ఎదురింటి అరుగు మీద పేకాడుకునే పెద్దమనుషులు, ఎవరూ అడక్కుండానే లేచి, తమవీ పరాయివీ అనకుండా స్కూటర్లన్నీ ఈడ్చి గోడకు చేర్చారు. పేకముక్కలు గాలికెగిరిపోతున్నా ఎవరూ వాటి వెంట పోలేదు. పెద్దకొడుకు ముందు నడుస్తూ బండిని ఇంటి దాకా తెచ్చాడు. ఆంబులెన్సు మనిషి దిగి, పిల్లవాణ్ణి అందుకోబోయి, ఆగి, తన అరచేతులు రెండూ రుద్ది వెచ్చచేసుకుని అప్పుడు అందుకున్నాడు. చిన్నకోడలు అది చూసింది. ముక్కూ మొహం తెలియనివాడు, తన చేతి చల్లదనం బిడ్డకి తగలకూడదనుకున్నాడు.

ఇంక ఆగలేకపోయింది.

పెద్దకోడలు బండి మెట్టు మీద కాలు పెడుతోంది. చిన్నకోడలు ఆమె కొంగు పట్టుకుంది.

"అక్కా, ఆ ట్రేలు ఉడకబెట్టలేదు."

"ఏ ట్రేలు?"

"పై అరవి. నిండుకున్నాయని ఫోన్‌లో చెప్పానే, అవి. నిండుకోవడం అంటే పొర నిండా కట్టడం అనుకున్నాను. నువ్వు ఆరబెట్టమన్నావు. ఉడకబెట్టకుండానే ఆరబెట్టేశాను."

పెద్దకోడలికి ఆ మాట వెంటనే తలకెక్కలేదు. ఎక్కుతున్న కొద్దీ ఆమె ముఖంలో రక్తం దిగిపోవడం చిన్నకోడలు దగ్గరినుంచి చూసింది. తిడుతుందనుకుంది. కొట్టినా బాగుండుననుకుంది.

"బతికే ఉన్నాయి," అంది పెద్దకోడలు, వినీ వినబడకుండా. "ఎండబెడితే పడుకుంటాయంతే. చెమటో పాలో తగిలేసరికి లేచాయి. లేచి పులిశాయి. ఆ పులుపుకే రాగి చిలుము పట్టింది. పొర ఉబ్బుతోంది, కదులుతోంది..." ఆమె మొగుడి వైపు తిరిగింది. "ఎవరి ఊపిరని అడిగారే. వాటిది. పెట్టె వాటి కదలికని పిల్లాడి ఊపిరి అనుకుంది."

పిల్లవాడి మీద చెయ్యి వేసిన ఆంబులెన్సు మనిషి, ఎక్కితే బయల్దేరదామన్నాడు.

"వార్డుకి పంపినవి?" అంది పెద్దకోడలు.

"అవి కూడా అందులోవే."

వార్డుకి వెంటనే ఫోన్ చేసి చెప్పమంది పెద్దకోడలు. పెద్దకొడుకు అడ్డం వచ్చాడు. ఫోన్లో చెప్పే మాటలా ఇవి అన్నాడు. ఈ మాట ఒక్కసారి బయటికి పోతే షెడ్డుకి తాళం పడుతుందని, ఆ తర్వాత ఈ పలక మీద ఎవరూ చెయ్యి వెయ్యరని, నాన్న పోయినప్పటినుంచీ పడ్డ పాటంతా బూడిదేనని అన్నాడు. ముందు గుప్పెడుగాణ్ణి చేర్చేద్దాం, ఎలాగూ అదే ఆస్పత్రికి వెళుతున్నాం, సాయంత్రం పెద్ద డాక్టర్ని పట్టుకుని నిదానంగా నేనే చెబుతానన్నాడు. చెడ్డవాడు కాదు. భయపడ్డవాడు. అతని చూపు కొడుకు మీదినుంచి షెడ్డు మీదికి, షెడ్డు మీదినుంచి కొడుకు మీదికి పరుగెడుతోంది.

"సాయంత్రం దాకా," అంది పెద్దకోడలు, "ఆ పిల్లల దగ్గరికి గుడ్డలు సర్దడానికి ఎవరొస్తారు?"

అతను బండి ఎక్కాడు. తలుపు మూసేలోగా పెద్దకోడలు చిన్నకోడలి వైపు చూసిన చూపులో కోపం ఉందో లేదో తెలియలేదు. "ఆరబెట్టమన్నది నేను," అని మాత్రం అంది. తలుపు పడింది. సైరన్ సందు మలుపు తిరిగి పలచబడిపోయింది.

పేకముక్కలు ఏరుకుంటున్న పెద్దమనుషులు తలలు వంచుకున్నారు. విన్నారో లేదో. విన్నా విననట్టుండడం ఒక మర్యాద.

అత్తగారు ఫోన్ తెచ్చి చిన్నకోడలి చేతిలో పెట్టింది. పక్కన కుర్చీ లాక్కుని కూర్చుంది.

వార్డు నర్సు మొదట విసుక్కుంది. ఆ తర్వాత ఆమె గొంతు మారిపోయింది. వార్డులో ఉన్న పిల్లలకి పెద్ద మిషన్లున్నాయని, వాళ్ళ పట్టీలు ఈ క్షణమే తీయించేస్తానని అంది. ఎవరు మాట్లాడుతున్నది అని అడిగింది. షెడ్డునుంచి అని ఊరుకోవచ్చు. చిన్నకోడలు కళ్ళు మూసుకుని, "ఆ పొరలు ఆరబెట్టింది నేనేనండీ," అంది. అటు కాగితాలు తిరగేసిన చప్పుడు. ఆ పెట్టెలోని పట్టీలతో ఇద్దరు పిల్లలు ఇళ్ళకు వెళ్ళిపోయారంది నర్సు. వార్డు వదిలి ఫోన్ల మీద కూర్చోవడానికి తనకు కుదరదని, నంబర్లు చెబుతాను, త్వరగా చెయ్యమని అంది.

మొదటి నంబరు మోగీ మోగకముందే ఎత్తారు. ఆ ఇంట్లో బిడ్డకు స్నానం చేయిస్తున్నారట, ఫోన్‌లోంచే కేరుకేరుమని వినబడింది. పట్టీ పక్కన పెట్టేశామన్నారు. మళ్ళీ అంటించకండని, నిద్రలో పక్కనే ఉండి కళ్ళతో చూసుకోండని, ఇవాళే ఆస్పత్రిలో చూపించండని చిన్నకోడలు చెప్పింది. ఫోన్ పెట్టేసింది. అత్తగారు గుండెల నిండా గాలి పీల్చుకుంది.

రెండో నంబరు చాలాసేపు మోగింది. ఆగిపోయింది. మళ్ళీ చేసింది. ఈసారి ఎత్తారు.

ఒక ఆడగొంతు. చిన్న వయసు. నిద్రలేని గొంతు. గుసగుసగా మాట్లాడుతోంది.

"మెల్లిగా మాట్లాడండి. బాబు పడుకున్నాడు."

పట్టీ సంగతి అని చెబితే ఆ గొంతు విచ్చుకుంది. చాలా మంచి పట్టీ అండీ అంది. మొదట్లో రెండు మూడుసార్లు మోగి హడలగొట్టిందని, ఈ రెండురోజులనుంచీ ఒక్కసారి కూడా మోగలేదని, ఊపిరి బాగా కుదురుకున్నట్టుందని అంది. ఇవాళైతే మరీ బుద్ధిమంతుడై పొద్దున్నుంచీ కదలకుండా పడుకున్నాడని, చాన్నాళ్ళ తర్వాత తానూ పక్క గదిలో కాస్త నడుం వాల్చానని చెప్పింది.

"అమ్మా, ఒక్కసారి బాబుని లేపండి."

"ఎందుకండీ? ఇప్పుడు లేపితే మళ్ళీ పడుకోడు. రాత్రంతా నేనే మొయ్యాలి."

"పట్టీలో కొంచెం తేడా ఉందమ్మా. అది మోగకపోవచ్చు. ఒక్కసారి లేపి చూడండి."

"లైటు పచ్చగానే వెలుగుతోంది కదండీ. ఇక్కడికి కనబడుతోంది నాకు." ఆ గొంతులో ఇప్పుడు కాస్త చిరాకు. "సాయంత్రం లేచాక చూసి చెబుతాలెండి."

పెట్టేయబోతోంది. చిన్నకోడలు వద్దు వద్దంటోంది, ఏం చెప్పాలో తోచడం లేదు. తల్లి గుండె ఆగిపోకుండా చెప్పే మాట కోసం వెతుకుతోంది. ఉన్న మాటలన్నీ మెత్తటివి, పైపైవి, ఏ మాటా ఆ పిల్లని మంచం మీంచి లేపేలా లేదు.

అత్తగారు ఫోన్ లాక్కుంది.

"నేను ముసలిదాన్ని మాట్లాడుతున్నానమ్మా," అంది. "నీ బిడ్డ చచ్చిపోతాడు. లే. లేచి వెళ్ళి, బతికున్నాడో చచ్చాడో చూడు."

చిన్నకోడలు అత్తగారి ముఖం చూసింది. ఆవిడ ఫోన్‌ని ఇద్దరి మధ్యకి జరిపింది.

అటు ఫోన్ ఎక్కడో పడేసిన చప్పుడు. ఉత్తపాదాల పరుగు. తలుపు గోడకు కొట్టుకున్న చప్పుడు. ఆ తర్వాత దూరంగా ఒక పిలుపు, బుజ్జీ అని. మళ్ళీ పిలుపు, ఇంకొంచెం గట్టిగా.

అత్తా కోడళ్ళిద్దరూ ఒకే ఫోన్‌కి చెవులు ఆనించి, తలకు తల తగిలేలా వంగి, ఊపిరి బిగబట్టి వింటున్నారు.